‘నాకు రాదు’ అనే నాలుగేళ్ల పాప: పది నెలల కేస్ స్టడీ

జూన్ మూడో వారం. చాప మీద కాగితాలు, క్రేయాన్లు పెట్టాను. మిగతా పిల్లలు "ఎర్రది నాది, నీలం నాది" అని లాక్కుంటుంటే, కొత్తగా చేరిన ఈ పాప రెండు చేతులూ గౌను కింద దాచుకుని కూచుంది. నేనింకా ఏమీ అడగనేలేదు, నా మొహం చూసి "నాకు రాదు" అంది. ఏది రాదమ్మా అంటే "ఏటీ రాదు" అంది.

ఈ పాపని బుజ్జి అనుకుందాం. అసలు పేరు అది కాదు, ఎవరైనా గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, వాళ్ల అమ్మని అడిగి ఆవిడ సరే అన్నాకే రాస్తున్నాను. నేను విశాఖపట్నంలో పెదవాల్తేరు వైపు ఒక చిన్న ప్రీస్కూల్లో టీచర్ని. పన్నెండేళ్లుగా మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలతోనే నా పని. గదిలో పద్దెనిమిది మంది పిల్లలు, నేను, ఒక ఆయమ్మ. చిన్నపిల్లల ఆత్మవిశ్వాసం గురించి ఎవరిని అడిగినా ‘బాగా మెచ్చుకోండి’ అనే చెబుతారు. నేనూ చాలామంది తల్లులకి అదే చెప్పాను, ఈ పాప విషయంలో మొదటి ఆరు వారాలు అదే చేశాను, దానివల్ల పాప ఇంకా ముడుచుకుపోయింది. అందుకే ఇది రాస్తున్నాను. ఏం చేశామో, ఏది పని చేసిందో, ఏది చెయ్యలేదో అన్నీ నా నోటుపుస్తకంలో ఉన్నాయి.

ఇల్లు, అంతకుముందు బడి

చేరేనాటికి బుజ్జికి నాలుగేళ్ల మూడు నెలలు. నాన్న ఫిషింగ్ హార్బర్‌లో ఒక మరబోటు మీద కలాసీ. అమ్మ తెల్లారకముందే హార్బర్‌కి వెళ్లి చేపలు కొని, గంప ఎత్తుకుని ఎంవీపీ కాలనీలో ఇళ్లకి తిరిగి అమ్ముతుంది. పిల్లని లేపి, స్నానం చేయించి, బాక్సు కట్టి బడికి తెచ్చేది మామ్మ. ఇంట్లో రెండేళ్ల తమ్ముడు ఉన్నాడు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్ల వేట నిషేధం. ఆ రెండు నెలలూ బుజ్జి నాన్న ఇంట్లోనే, పిల్ల ఆయన భుజం దిగదు. నిషేధం అయిపోగానే బోట్లు వెళ్లిపోతాయి, ఒకసారి వెళితే పది పదిహేను రోజులు రావు. మన బళ్లు తెరిచేది సరిగ్గా ఆ రోజుల్లోనే. అంటే నాన్న వెళ్లిపోవడం, ఎవరూ తెలియని గదిలోకి రావడం ఈ పాపకి ఒకే వారంలో జరిగాయి. జాలరి కుటుంబాల పిల్లలు నా దగ్గర ప్రతి ఏడూ ఉంటారు, అయినా ఈ లెక్క నాకు తట్టడానికి ఆగస్టు దాకా పట్టింది.

అంతకుముందు ఏడాది వేరే బళ్లో నర్సరీ చదివింది. ఏ బడి అన్నది ఇక్కడ అనవసరం. అక్కడ బుజ్జి ‘ఏటి’ అంటే ఆపి ‘ఏమిటి అనాలి’ అనేవాళ్లట, ‘నాను’ అంటే ఆపి ‘నేను’ అనిపించేవాళ్లట. రెండు గీతల పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాలు వంకరగా వచ్చాయని ఆ పుస్తకం ఎత్తి పట్టుకుని క్లాసందరికీ చూపించారట. మూడున్నరేళ్ల పిల్ల వేళ్లు రెండు గీతల మధ్య అక్షరం ఇరికించడానికి ఇంకా సిద్ధంగా ఉండవు. ఆ వయసు వేళ్లకి మట్టి పిసకడం, కాగితం చింపడం, పూసలు గుచ్చడం కావాలి. ఇవన్నీ వాళ్లమ్మ చెబుతూ, "ఫీజు కట్టేసినాం కదాని ఏడాదంతా పంపినాం మేడం" అని కళ్లు తుడుచుకుంది. నాకు ఆ మాట చాలా రోజులు గుర్తుంది.

మొదటి రెండు వారాల్లో చూసినది

వారానికి మూడు రోజులు, రోజుకి పది నిమిషాలు ఈ పాపని మాత్రమే చూసి రాసుకున్నాను. ఒక రోజు పదిన్నర నుంచి పదకొండున్నర దాకా గంటసేపు లెక్కపెడితే "నాకు రాదు" అని 11 సార్లు అంది. అందులో నాలుగు సార్లు ఎవరూ ఏమీ అడక్కుండానే. పాట పాడేటప్పుడు పెదాలు కదలవు, కానీ కళ్లు నా చేతుల మీదే ఉంటాయి. టిఫిన్ బాక్సు మూత రాకపోతే అడగదు, ఒళ్లో పెట్టుకుని కూచుంటుంది, ఆయమ్మ చూసి తీసేదాకా అలాగే. ఇసక దగ్గర మాత్రం వేరే పిల్ల. ఎవరూ చూడటం లేదనుకుంటే రెండు చేతులతో గబగబా గుంటలు తవ్వుతుంది, మనిషి నీడ పడిందంటే ఆపేస్తుంది.

చెవి పరీక్ష చేయించాం, బాగుంది. చూపు బాగుంది. ఇంట్లో గలగలా మాట్లాడుతుందని మామ్మ చెప్పింది. ఇలాంటి పిల్ల వచ్చినప్పుడు ఈ పరీక్షలు ముందు అయిపోవాలి, వినపడక మాట్లాడని పిల్లకి మనం ధైర్యం నూరిపోస్తూ కూచుంటే ఒక ఏడాది వృథా అయిపోతుంది.

నాలుగేళ్ల పిల్లని కూచోబెట్టి ‘నీ మీద నీకు నమ్మకం ఉందా’ అని అడిగితే జవాబు రాదు. సూసన్ హార్టర్ అనే అమెరికా మనస్తత్వవేత్త ఈ విషయం మీద చాలా ఏళ్లు పనిచేశారు. తాను మొత్తంగా ఎలాంటి మనిషినో, తనకి ఎంత విలువ ఉందో మాటల్లో చెప్పగలగడం సుమారు ఎనిమిదేళ్ల నాటికి గానీ రాదనీ, అంతకంటే చిన్నపిల్లల్లో అది నడవడికలో కనబడుతుందనీ ఆమె చెప్పారు. కొత్త పని ముందు పిల్ల ముందుకొస్తుందా వెనక్కి పోతుందా, అనుకున్నది జరగకపోతే ఎలా తట్టుకుంటుంది, ఇవి చూడాలి. 1984లో ఆమె, రాబిన్ పైక్ కలిసి చిన్నపిల్లల కోసం బొమ్మలతో ఒక కొలమానం తయారు చేశారు. చదువు పనులు, ఒంటితో చేసే పనులు, తోటి పిల్లలతో స్నేహం, అమ్మ ఆదరణ అని అందులో నాలుగు వైపులుంటాయి.

ఆ కొలమానం నా దగ్గర లేదు, వాడానని చెప్పను. ఆ పద్ధతి మనసులో పెట్టుకుని నాకు వచ్చినట్టు జత బొమ్మలు గీశాను. ఒక పాప కట్టిన గోపురం నిలబడింది, ఇంకో పాపది పడిపోయింది. ఒక పాప అందరితో ఆడుతోంది, ఇంకో పాప గోడవారగా ఉంది. నువ్వు ఏ పాపలా ఉంటావమ్మా అని అడిగాను. గోపురం పడిపోయిన పాప మీద వేలు పెట్టింది. గోడవారగా ఉన్న పాప మీద వేలు పెట్టింది. అమ్మ పక్కన కూచున్న పాప బొమ్మ రాగానే వేలు కాదు, అరచెయ్యి మొత్తం ఆనించింది, కాసేపు తియ్యలేదు.

నాకు ఈ కేసులో దారి చూపించింది ఆ అరచెయ్యే. ఇంట్లో నన్ను ప్రేమిస్తారు అన్న నమ్మకం ఈ పిల్లకి నిండుగా ఉంది. దెబ్బ తగిలింది ‘నేను చెయ్యగలను’ అన్న చోట. మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ చెప్పినట్టు, నడక వచ్చిన కొత్తలో తన పని తను చేసుకోబోయిన పిల్లని ఆపి సిగ్గుపరిస్తే సందేహం మిగులుతుంది, మూడేళ్లు దాటాక తనంతట తను మొదలుపెట్టిన పనిని తప్పంటే అపరాధ భావం మిగులుతుంది. బుజ్జి విషయంలో ఈ రెండూ కలిసిపోయాయి.

నేను చేసిన తప్పు

ఇంత అర్థమైనా మొదట చేసింది పొగడటమే. అది మన అలవాటు, నోరు తెరిస్తే వచ్చేది అదే. జులై నెలంతా "సూపర్ బుజ్జీ! చాంపియన్! నీ అంత బాగా ఎవరూ వెయ్యలేరు!" గోడ మీద స్టార్ల చార్టు ఉండేది, అందులో ఈ పాపకి రెండు స్టార్లు ఎక్కువే అతికించాను. జులై 18న తొలిసారి క్రేయాన్ పట్టుకుని ఒక నీలం గీత గీసింది. నేను చప్పట్లు కొట్టి, క్లాసందరికీ చూపించి, "ఎంత అద్భుతంగా వేసిందో చూడండి" అన్నాను. ఆ కాగితం మధ్యాహ్నం చాప కింద నాలుగు మడతలు పెట్టి దొరికింది. తర్వాత తొమ్మిది రోజులు క్రేయాన్ ముట్టుకోలేదు.

వెనక్కి తిరిగి చూస్తే నేను చేసింది పాత బడిలో జరిగినదానికి తోబుట్టువే. వాళ్లు పుస్తకం ఎత్తి పట్టుకుని బాగాలేదన్నారు, నేను కాగితం ఎత్తి పట్టుకుని అద్భుతం అన్నాను. పిల్ల వైపు నుంచి చూస్తే రెండు సార్లూ తన గీత నలుగురి ముందు తీర్పుకి నిలబడింది. పైగా అది అద్భుతం కాదని దానికి తెలుసు. ఇప్పుడు ఇంకోటి గీస్తే అదీ అద్భుతంగా రావాలి, రాకపోతే?

దీని మీద పరిశోధనలు ఉన్నాయి, నేను చదివినవే, చదివి కూడా చేశాను. 1999లో మెలిస్సా కామిన్స్, కరోల్ డ్వెక్ కిండర్‌గార్టెన్ పిల్లలతో ఒక అధ్యయనం చేశారు. ‘నువ్వు మంచిదానివి’ అని మనిషిని పొగిడే మాట విన్న పిల్లలు తర్వాత పని తప్పిపోతే తొందరగా డీలాపడ్డారు, చేసిన పద్ధతి గురించి మాట విన్న పిల్లలు మళ్లీ ప్రయత్నించారు. 2014లో ఎడ్డీ బ్రమెల్మన్, తోటివాళ్లు కొంచెం పెద్దపిల్లల మీద చేసిన పనిలో, తమ మీద తమకి నమ్మకం తక్కువున్న పిల్లలకి ‘అద్భుతం’ లాంటి అతి మెచ్చుకోలు ఇస్తే వాళ్లు కష్టమైన పనుల నుంచి తప్పుకున్నారు. మనం ఎక్కువ పొగిడేది కూడా ఆ నమ్మకం తక్కువున్న పిల్లల్నే, జాలేసి. అదీ బాధ.

ఆగస్టు మొదటి సోమవారం స్టార్ల చార్టు తీసేశాను, అందరికీ. ఒకరిద్దరు తల్లులు "మా వాడి స్టార్లు ఏవండీ" అని అడిగారు, కూచోబెట్టి చెప్పాను. ఇక పొగడటం బదులు కళ్లకి కనబడింది చెప్పడం మొదలుపెట్టాను. "గీత ఈ చివర నుంచి ఆ చివరకి వచ్చింది." "ఆకుపచ్చ మీద పసుపు వేశావు." అంతే, అది కూడా పక్కన కూచుని, దాని చెవికి మాత్రమే వినపడేలా. మొదటి వారం నాకే చాలా వెలితిగా ఉండేది, నోరు కట్టేసినట్టు.

మూత

మామ్మ కట్టే స్టీలు బాక్సు మూత గట్టిగా ఉండేది. పులుసు కారి సంచీ పాడవుతుందని ఆవిడ అరచేత్తో కొట్టి బిగించేది. ఆ మూత తియ్యడం ఈ పిల్ల వేళ్ల వల్ల కాదు, పెద్దవాళ్లకే కష్టం. రోజూ తినే వేళకి, రోజుకొకసారి ఖాయంగా, అందరి మధ్యలో ‘నాకు రాదు’ అని రుజువయ్యే పని ఇది. నేను రంగుల కాగితాలతో, బొమ్మలతో ధైర్యం నేర్పాలని చూస్తున్నాను, అసలు ఓటమి టిఫిన్ బాక్సులో ఉంది.

మామ్మతో మాట్లాడి, ఒక వారం పాటు మూత ఊరికే పైన ఆనించి, బాక్సుని గుడ్డలో కట్టి పంపమన్నాను. మొదటి రోజు బుజ్జి అలవాటుగా ఒళ్లో పెట్టుకుని కూచుంది. నేను పక్కన కూచుని నా బాక్సు తీసుకున్నాను, మెల్లగా, చెయ్యి కనబడేలా. ఎడమ చేత్తో బాక్సుని పొట్టకి ఆనించి, కుడిచేతి బొటనవేలు మూత అంచు కింద పెట్టి పైకి. ఏమీ అనలేదు. ఒక నిమిషం చూసింది. తను బొటనవేలు పెట్టింది. మూత ఊడి వచ్చి చాప మీద దొర్లింది, పిల్ల బెదిరిపోయి నా మొహం చూసింది, ఏమంటానో అని. "మూత వచ్చింది" అన్నాను. నా అన్నం కలుపుకున్నాను. అది కూడా కలుపుకుంది.

రెండో వారం మామ్మ కొంచెం నొక్కి పంపింది. మూడో వారం ఇంకొంచెం. మధ్యలో రెండు రోజులు రాలేదు, ఆ రెండు రోజులూ నేను ఒక అంచు కాస్త వదులు చేసి మిగతాది దానికి వదిలేశాను. 1976లో ఉడ్, బ్రూనర్, రాస్ అనే ముగ్గురు దీనికి ‘పరంజా’ అనే పోలికతో పేరు పెట్టారు. ఇల్లు కట్టేటప్పుడు పరంజా వేస్తాం, గోడ లేచే కొద్దీ విప్పేస్తాం. పిల్ల ఒక్కతీ చెయ్యలేనిదీ పక్కన మనిషి ఉంటే చెయ్యగలిగేదీ అని రష్యా మనస్తత్వవేత్త వైగాత్‌స్కీ చెప్పిన ఆ మధ్య జాగాలోనే పని జరగాలి. మన బళ్లలో ఎక్కువగా పనంతా మనమే చేసేస్తాం, లేదా పూర్తిగా వదిలేసి రాలేదని తిడతాం.

ఆగస్టు నెలాఖరున పక్కన కూచునే పాప తన బాక్సు బుజ్జి ముందు పెట్టి "తియ్యవా" అంది. నేను చూడనట్టు నీళ్లు పోసుకుంటున్నాను. బుజ్జి ఆ బాక్సు పొట్టకి ఆనించుకుంది. తీసిచ్చింది. ఆ రోజు గంట లెక్కలో "నాకు రాదు" 5 సార్లు.

మామ్మ, దిష్టి

రోజూ గేటు దగ్గర మామ్మ ఒకే మాట అనేది. "దీనికేటీ రాదు టీచరమ్మా, బుర్రలేని గుంట. దీని తమ్ముడే నయం." పిల్ల ఆవిడ చీర కుచ్చిళ్లు పట్టుకుని వింటూ ఉండేది. మొదట నాకు కోపం వచ్చేది. ఒక రోజు పక్కకి పిలిచి, "మామ్మగారూ, మీరు దాని ముందు అలా అనొద్దండి, మెచ్చుకోండి" అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసి, "అలా అంటే దిష్టి తగల్దేటమ్మా" అంది.

అప్పటిదాకా నాకు ఆ వైపు ఆలోచన పోలేదు. మా ఇంట్లోనూ అంతే కదా, ఏడుపుగొట్టు మొహం, నల్లపిల్ల అని ముద్దుగా తిట్టేవాళ్లు, బుగ్గన చుక్క పెట్టేవాళ్లు. ఆవిడ పిల్లని తక్కువ చెయ్యడం లేదు, పదిమంది కళ్ల నుంచి దాస్తోంది. అది ప్రేమే. కాకపోతే నాలుగేళ్ల పిల్లకి ఆ వెనక ఉన్నది కనబడదు, మాట మాటగానే చెవిలో పడుతుంది. శిక్షణల్లో ఇంటివాళ్లకి పొగడమని చెప్పండి అని మాకు నేర్పుతారు కానీ దిష్టి గురించి ఎవరూ చెప్పరు, అందుకే మన సలహాలు గేటు దాటి ఇంటికి వెళ్లవు అనిపిస్తుంది నాకు.

ఆవిడతో వాదించలేదు. "పొగడొద్దు మామ్మగారూ. జరిగింది జరిగినట్టు చెప్పండి చాలు. మూత తనే తీసింది అనండి, అందులో దిష్టి ఏముంది" అన్నాను. ఆవిడ ఆలోచించి, అవును, అందులో ఏమీ లేదు అంది. మర్నాడు గేటు దగ్గర, "నిన్న సెప్పులు తనే ఏసుకుంది" అని చెప్పింది, పిల్ల ముందే, మొహంలో ఏ భావమూ లేకుండా. బుజ్జి తలెత్తి మామ్మని చూసిన చూపు నేను చూశాను.

ఇంకో మాట కూడా ఆవిడ ద్వారానే ఇంటికి చేరింది. మన తెలుగులో ‘రాదు’ వేరు, ‘రాలేదు’ వేరు. ‘నాకు ఈత రాదు’ అంటే తలుపు మూసేసినట్టు, ‘ఇంకా రాలేదు’ అంటే దారిలో ఉన్నట్టు. బుజ్జి "నాకు రాదు" అన్నప్పుడల్లా నేను దిద్దకుండా, అవునన్నట్టు తలూపి, "ఇంకా రాలేదు" అనేదాన్ని, మెల్లగా, నాలో నేను అనుకున్నట్టు. మామ్మకి ఇది చెబితే ఆవిడ ఇంట్లో తన పద్ధతిలో "ఇంకా రానేదు" అనడం మొదలుపెట్టింది. అక్టోబరులో ఒక రోజు కత్తెర పట్టుకుని కాగితంతో కుస్తీ పడుతూ బుజ్జి నాతో, "నాకింకా రానేదు, ఉండండి" అంది. నేను ఉన్నాను.

ఏటి, నాను, ఒగ్గీ

పాత బళ్లో దిద్దిన మాటలు ఈ పిల్ల నోటికి తాళం వేశాయి. నా ముందు మాట్లాడాలంటే ముందు సరైన మాట వెతుక్కోవాలి, అది దొరకదు, నోరు మూసుకోవడమే సుఖం. మా అమ్మమ్మది విజయనగరం వైపు, నేనూ చిన్నప్పుడు ‘ఏటి’ అన్నదాన్నే, టీచర్ ఉద్యోగంలో చేరాక అది మానేశాను. ఎవరు మానమన్నారో గుర్తులేదు.

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన మన ఉత్తరాంధ్ర మనిషి, వాడుక భాష కోసం పోరాడిన మనిషిగా అందరికీ తెలుసు. సవర అనే గిరిజన తెగ పిల్లలకి సవర భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, వాళ్ల కోసం పుస్తకాలు తయారు చేసిన టీచరు కూడా ఆయనే. 2020 జాతీయ విద్యా విధానం, 2022లో వచ్చిన పునాది దశ పాఠ్య ప్రణాళిక చట్రం చిన్నపిల్లల చదువు ఇంటి భాషలో, ఆటతో మొదలవ్వాలంటున్నాయి. ఇంటి భాష అంటే బుజ్జికి ‘ఏటి’తో ఉన్న భాషే కదా.

ఆ రోజు ప్రతి ఒక్కరూ వాళ్లింట్లో అనే మాట ఒకటి తెచ్చారు. ఒకడు "మేం అక్కని అప్ప అంటాం" అన్నాడు. నాన్న ఉద్యోగం మీద కడప నుంచి వచ్చిన పాప "యాడికి" తెచ్చింది. బుజ్జి వంతు వచ్చినప్పుడు బలవంతం చెయ్యలేదు, చెప్పాలనిపిస్తే చెప్పు అని ముందుకెళ్లిపోయాను. అందరూ అయ్యాక నా చెవిలో "ఒగ్గీ" అంది. వదిలెయ్ అని. దాంతో ఒక ఆట చేశాం. పొడుగు తాడు అందరూ పట్టుకోవాలి, బుజ్జి "ఒగ్గీ!" అనగానే వదిలెయ్యాలి. మొదటిసారి దాని గొంతు పక్కవాళ్లకి కూడా వినపడలేదు. ఐదోసారికి ఆయమ్మ వంటగదిలోంచి తొంగిచూసింది. పద్దెనిమిది మంది ఆ మాట పట్టుకుపోయి ఇళ్లలో అంటున్నారని తర్వాత తల్లులు చెప్పారు.

చేపల విషయంలో మళ్లీ పొరపాటు

సెప్టెంబరులో ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో చిన్నచేపల కుప్ప పోసుకుని మామ్మ, బుజ్జి కూచుని ఉన్నారు. నెత్తళ్లు ఒకపక్క, కవళ్లు ఒకపక్క, రొయ్యపిల్లలు ఒకపక్క. పిల్ల చెయ్యి ఆగకుండా వెళుతోంది, చెడిపోయినది వేరేగా పడేస్తోంది. రెండు రోజుల ముందే క్లాసులో రంగు దిమ్మలు వేరు చెయ్యమంటే "నాకు రాదు" అన్న పిల్ల. నాకు అక్కడ గుండె నిండిపోయింది.

సోమవారం ఆ ఉత్సాహంలో, "బుజ్జికి చేపలన్నీ తెలుసు, మనకి చెబుతుంది" అని లేపి నిలబెట్టాను. తనని అడగలేదు. పిల్ల గోడకి ఆనుకుపోయింది. ఒక బాబు ముక్కు పట్టుకుని "కంపు" అన్నాడు, నలుగురు నవ్వారు. మూడు రోజులు బడికి రాలేదు. ఎత్తి చూపించడం ఇది నా వైపు నుంచి రెండోసారి.

వాళ్లింటికి మళ్లీ వెళ్లి, బుజ్జి ముందు మోకాళ్ల మీద కూచుని, "నిన్ను అడక్కుండా నిలబెట్టాను, అది నా తప్పు" అని చెప్పాను. నాలుగేళ్ల పిల్లకి ఇదంతా ఏం అర్థమవుతుంది అంటారు కొందరు. పెద్దవాళ్లకీ తప్పు జరుగుతుంది, చెప్పుకుంటే పోతుంది అన్నది ఆ పిల్లకి నేను ఇవ్వగలిగిన వాటిల్లో పెద్దది అని నా నమ్మకం. ముక్కు పట్టుకున్న బాబుని తిట్టలేదు, వాడు ఇంట్లో విన్నదే అన్నాడు. వాళ్లమ్మతో మాత్రం విడిగా మాట్లాడాను.

తర్వాత నెలలో తల్లులు కొందరు తోడు రాగా పిల్లల్ని పొద్దున్నే బీచికి తీసుకెళ్లాం. గవ్వలు, ఆల్చిప్పలు, చిన్న శంఖులు ఏరి ఒక టబ్బు నిండా తెచ్చి గదిలో పెట్టాం, ఏం చెయ్యాలో ఎవరికీ చెప్పలేదు. రెండో రోజు బుజ్జి టబ్బు పక్కన కూచుని విడదియ్యడం మొదలుపెట్టింది. నున్నగా ఉన్నవి, గరుకువి, విరిగినవి. ఇద్దరు చేరారు. మూడో రోజు ఆ ముక్కు పట్టుకున్న బాబే ఒక శంఖు పట్టుకొచ్చి "ఇదెక్కడ?" అన్నాడు. బుజ్జి వాడి చేతిలోంచి తీసుకోలేదు, "అటు కాదు, ఇటెట్టు" అని చూపించింది. ఆ టబ్బు మార్చి దాకా మా గదిలోనే ఉంది.

నాన్న వెళ్లిన రోజులు

నోట్స్ తిరగేస్తుంటే కొన్ని రోజులు ఉన్నట్టుండి "నాకు రాదు" పెరిగిపోవడం కనబడింది. బోటు బయల్దేరే రోజు చెప్పమని అమ్మని అడిగాను. మూడు ప్రయాణాలు చూశాం, మూడుసార్లూ వెళ్లిన మర్నాటి నుంచి రెండు మూడు రోజులు వెనక్కి. సముద్రంలోకి వెళ్లాక ఫోను అందదు. ఎన్నాళ్లకి వస్తాడో కచ్చితంగా చెప్పలేని చోట, ఇన్ని రోజుల్లో వస్తాడు అని తగ్గే లెక్క పెడితే పిల్లకి అబద్ధం చెప్పినట్టవుతుంది. అందుకని పెరిగే లెక్క పెట్టాం. రోజూ రాగానే ఒక గవ్వ సీసాలో వెయ్యడం, నాన్న వచ్చాక సీసా ఇంటికి పట్టుకెళ్లి చూపించడం. ఆ రోజుల్లో కొత్త పని ఏదీ దాని ముందు పెట్టను, బాగా వచ్చిన పనులే, చాపలు పరచడం, మొక్కలకి నీళ్లు. ఈ చాపల పని ఉత్తుత్తి పని కాదు, అది పరవకపోతే మేం కూచోలేం, ఆ సంగతి దానికి తెలుసు.

డిసెంబరులో గంట లెక్క 2. సంక్రాంతి సెలవుల తర్వాత మళ్లీ 6, వారంలో తగ్గింది. ఫిబ్రవరిలో వార్షికోత్సవానికి స్టేజీ ఎక్కనంది. వాళ్లమ్మకి చూడాలని చాలా ఆశ, నాకూ ఉంది. వద్దంటే వద్దే అన్నాను. తెర తాడు లాగే పని నేను చేస్తానంది, ఆయమ్మతో కలిసి ఆ సాయంత్రం తొమ్మిది సార్లు లాగింది. కొందరు దీన్ని సగం గెలుపు అంటారేమో, నాకలా అనిపించలేదు, అది తను ఎంచుకున్న పని.

ఇంకా సరికానివి ఉన్నాయి. రబ్బరుతో కాగితం చిరిగేదాకా చెరుపుతుంది. కొత్త మనిషి వస్తే మాట ఆగిపోతుంది. ఆటలో ఓడిపోతే లోపలికి వెళ్లి కూచుంటుంది, ఇదివరకు అరగంట, ఇప్పుడు పది నిమిషాలు.

ఏప్రిల్‌లో వేట నిషేధం మొదలైన వారం, బడి ఆఖరి రోజుల్లో, బుజ్జి నాన్న తీసుకెళ్లడానికి వచ్చాడు. ఆయన్ని నేను చూడటం అదే మొదటిసారి. ఎండలో గేటు దగ్గర వంగి చెప్పుల బకిల్ పెట్టబోయాడు. "ఉండు నాన్నా, నానేస్తాను" అంది. మొదటిసారి తప్పింది, రెండోసారి పట్టీ మెలిపడింది. ఆయన చెయ్యి ముందుకొచ్చి ఆగిపోయింది, నా వైపు చూశాడు, నేను ఏమీ అనలేదు. మూడోసారికి పడింది.

జూన్‌లో యూకేజీకి పక్క గదిలోకి వెళుతుంది. ఆ టీచర్‌కి రాసిచ్చిన కాగితం ఇదీ: వేట నిషేధం అయ్యాక నాన్న బోటు వెళ్లే రోజు వాళ్లమ్మని అడిగి తెలుసుకోండి, ఆ మూడు రోజులు కొత్తవి వద్దు. అడక్కుండా నలుగురి ముందు నిలబెట్టొద్దు, మెచ్చుకోవడానికైనా సరే. ‘ఏటి’ అంటే జవాబు చెప్పండి, దిద్దొద్దు. బాక్సు మూత తనే తీసుకుంటుంది.